లండన్ నుంచి బర్మింగ్‌హాంకు పడవలో: వారం రోజులు సరిపోతాయా?

ప్రశ్న: నమస్కారం. శ్రీకాకుళంలో ఒకే కళాశాలలో చదువుకొని, ఉద్యోగాల కోసం తలో దిక్కుకు వెళ్లి, పదవీ విరమణ తరువాత మళ్లీ నాగావళి ఒడ్డుకే చేరిన ఆరుగురు మిత్రులం మేము. అందరమూ 60 దాటినవాళ్లమే. మాలో ఒకరి కుమారుడు బర్మింగ్‌హాంలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే వేసవిలో ఇంగ్లండ్ వెళ్లి, అక్కడి కాలువల్లో తిరిగే సన్నని పడవను అద్దెకు తీసుకొని, లండన్‌లో బయలుదేరి వారం రోజుల్లో బర్మింగ్‌హాం చేరాలని అనుకుంటున్నాము. మాలో ఎవరికీ పడవ నడిపిన అనుభవం లేదు. ఇద్దరికి ఈత రాదు, ఇద్దరు శాకాహారులు, ఒకరికి మధుమేహం ఉంది. లైసెన్సు కావాలా? ఆరుగురికి ఎంత పడవ సరిపోతుంది? వీసా, వంట, ఖర్చుల విషయంలో ముందుగా ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మీ కోరిక చాలా మంచిది, మార్గాన్ని మాత్రం మార్చుకోక తప్పదు. లండన్‌ను బర్మింగ్‌హాంతో కలిపే గ్రాండ్ యూనియన్ కాలువ ప్రధాన మార్గం పొడవు 137 మైళ్లు, అంటే సుమారు 220 కిలోమీటర్లు. కారులో అది ఒక పూట ప్రయాణమే గాని, అక్కడి సన్నని కాలువల్లో గరిష్ఠ వేగం గంటకు 4 మైళ్లు. గట్టున కట్టి ఉంచిన పడవల పక్క నుంచి వెళ్లేటప్పుడు ఆ వేగాన్ని ఇంకా తగ్గించాలి కాబట్టి సగటున గంటకు 3 మైళ్లని అనుకోవడం క్షేమం. రథసప్తమి నాడు అరసవల్లికి నడిచి వెళ్లే జనం వేగం కంటే అది పెద్దగా ఎక్కువ కాదు. పడవవాళ్లు వేసుకునే లెక్క ఒకటి ఉంది. మైళ్లను 3తో, దారిలో ఉన్న లాకులను (పడవను ఒక నీటి మట్టం నుంచి మరొక మట్టానికి ఎక్కించే, దించే తలుపుల తొట్లను) 4తో భాగించి, వచ్చిన రెండు సంఖ్యలనూ కలిపితే ఎన్ని గంటలు పడుతుందో తెలుస్తుంది. మీరు అనుకున్న దారిలో 166 లాకులు ఉన్నాయి. నీటి మీద సాగడానికి దాదాపు 46 గంటలు, లాకులు దాటడానికి 41 గంటల పైన, మొత్తం 87 గంటలు పడుతుంది. ఏడు రోజుల్లో ముగించాలంటే రోజుకు 12 గంటలకు పైగా పని చేయాలి. అందులో భోజనం లేదు, విశ్రాంతి లేదు, గట్టు దిగి ఒక ఊరు చూసే అవకాశం కూడా లేదు. దానికి తోడు, అద్దె పడవను చాలావరకు తీసుకున్న చోటే తిరిగి అప్పగించవలసి ఉంటుంది. ఒక చోట ఎక్కి మరొక చోట వదిలివెళ్లే ఏర్పాటు అరుదు.

మొదటిసారి వెళ్లేవారు రోజుకు 4 నుంచి 6 గంటలకు మించి పడవ నడపకూడదని నా గట్టి అభిప్రాయం. చాలా ఏళ్ల క్రితం మేము కొందరు మిత్రులం ఇదే పొరపాటు చేశాము. పటం మీద దూరాన్ని చూసి రోజుకు ఇన్ని మైళ్లని రాసుకొని బయలుదేరి, మూడో రోజుకల్లా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసేంతగా అలసిపోయాము. నాలుగో రోజు పొద్దున మా బృందంలో పెద్దవాడు ఆ కాగితాన్ని తీసి బల్ల సొరుగులో పెట్టేశాడు. మా ప్రయాణంలో సంతోషమంతా ఆ రోజు నుంచి మొదలైంది.

ఇప్పుడు మీ ప్రశ్నల్లోకి వస్తాను. బ్రిటన్‌లో సెలవు కోసం పడవ అద్దెకు తీసుకునేవారికి నడిపే లైసెన్సు అవసరం లేదు. పడవ అప్పగించే రోజున యజమాని మనిషి ఇంజను, చుక్కాని, నీటి తొట్టి, మరుగుదొడ్డి, లాకు తిప్పే పద్ధతి అన్నీ చూపిస్తాడు. ఆ సమయంలో ఆరుగురూ అక్కడే ఉండాలి. ఒకరిద్దరు విని మిగతావారికి చెబుదామని దుకాణానికి వెళ్లడం కూడదు. చుక్కాని పట్టినవారు గుర్తుంచుకోవలసినవి మూడు. చుక్కాని కర్రను ఎడమకు నెడితే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. పడవకు బ్రేకు ఉండదు, ఆపాలంటే ఇంజనును వెనక్కు తిప్పాలి. ఎదురుగా మరొక పడవ వస్తే మన రోడ్ల మీదలా ఎడమకు కాకుండా కుడి పక్కకు జరగాలి. జీవితమంతా ఎడమవైపు బండి నడిపిన చేతులకు ఈ మూడోది అలవాటు కావడానికి ఒక రోజు పడుతుంది.

లాకు అన్న మాట గోదావరి, కృష్ణా డెల్టాల వారికి కొత్త కాదు. పడవల్లో ధాన్యం, కొబ్బరి తరలిన రోజుల్లో ధవళేశ్వరం లాకుల పేరు తెలియనివారు అక్కడ ఉండేవారు కాదు. మన వంశధార, నాగావళి కాలువలు పొలాలకు నీరు పారించేవే గనుక మన వైపు ఆ అనుభవం తక్కువ. ఎత్తు తేడా ఉన్న రెండు నీటి మట్టాల మధ్య రాతితో కట్టిన తొట్టే లాకు. దానికి పైన ఒక జత, కింద ఒక జత తలుపులు ఉంటాయి. పడవ కిందినుంచి లోపలికి వచ్చాక కింది తలుపులు మూసి, పైవైపు తూములను విండ్‌లాస్ అనే ఇనుప పిడితో నెమ్మదిగా ఎత్తితే నీరు నిండి పడవ పైకి లేస్తుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యేవరకు తలుపులు కదలవు, నీటి బరువే వాటిని బిగించి పట్టుకుంటుంది. బలంతో తెరవాలని ఎవరూ ప్రయత్నించకండి.

ప్రమాదం ఎక్కువగా దిగేటప్పుడు ఉంటుంది. పై తలుపుల అడుగున లోపలికి పొడుచుకువచ్చిన ఒక రాతి గట్టు ఉంటుంది. నీరు తగ్గుతున్నప్పుడు పడవ వెనుక భాగం ఆ గట్టు మీద ఆగిపోతే ముక్కు కిందకు వంగి, పడవలోకి నీరు చొచ్చుకువస్తుంది. ఆ గట్టు ఎక్కడివరకు ఉందో చెప్పడానికి లాకు పక్కగోడ అంచున తెల్లని గీత గీసి ఉంటుంది. దిగుతున్నంతసేపు పడవను ఆ గీతకు ముందే ఉంచాలి. దిగే లాకులో తాడును దేనికీ ముడి వేసి బిగించకూడదు, నీరు దిగిపోతే పడవ తాడుకు వేలాడుతుంది. తూము దగ్గర ఉన్నవారు చుక్కాని దగ్గర ఉన్నవారిని చూస్తూనే ఉండాలి. ఆయన చెయ్యి ఎత్తిన మరుక్షణం తూము దించేయాలి. ఆ సమయంలో ఫొటోలు తీసుకోవద్దని, ఫోను మాట్లాడవద్దని ముందే మాట అనుకోండి.

ఈత రాని ఇద్దరి సంగతి. కాలువ చాలాచోట్ల నడుము లోతుకు మించదు, లాకులు మాత్రం లోతుగా ఉంటాయి. ప్రాణరక్షక జాకెట్లు కావాలని అద్దె ఖరారు చేసేటప్పుడే అడగండి. ఆ ఇద్దరూ బయట ఉన్నంతసేపు వాటిని తొడుక్కోవడంలో చిన్నతనం ఏమీ లేదు. తడిసిన లాకు అంచుల మీద పరుగెత్తకూడదు, పడవ నుంచి గట్టుకు దూకకూడదు. పడవ గోడకు తగలబోతుంటే చేత్తో గాని కాలితో గాని ఆపబోకండి. పెద్ద పడవ బరువు 15 టన్నులకు పైగా ఉంటుంది. పడవకు తగిలిన గీతను ఎవరైనా బాగుచేస్తారు, నలిగిన పాదాన్ని బాగుచేయడం కష్టం. కాలువ నీరు తగిలిన చేతులను భోజనానికి ముందు సబ్బుతో కడుక్కోండి. ఎలుకల ద్వారా వచ్చే జ్వరం మన వరిచేలలో ఉన్నట్టే అక్కడి కాలువల్లోనూ ఉంది.

మార్గం విషయంలో నా సలహా వేల్స్ సరిహద్దులోని లాంగోలెన్ కాలువ. పొంట్కసుల్టె వంతెన పక్కనే ట్రెవర్ అనే చోట పడవ ఎక్కవచ్చు. దగ్గరి రైల్వే స్టేషన్ రుయాబాన్. బర్మింగ్‌హాం నుంచి అక్కడికి నేరుగా రైళ్లు ఉన్నాయి గనుక మీ మిత్రుని కుమారుణ్ణి చూసి వెళ్లడానికీ వీలవుతుంది. ఆ వంతెన కోసమే అక్కడికి వెళ్లినా తప్పు లేదు. థామస్ టెల్ఫోర్డ్, విలియం జెస్సప్ అనే ఇంజనీర్ల పనితనంతో 1805లో పూర్తయిన ఆ కట్టడం, డీ నది లోయ మీద 18 రాతి స్తంభాలపై ఇనుప తొట్టిని నిలబెట్టి, అందులో కాలువను పారిస్తుంది. పొడవు 307 మీటర్లు, నదికి ఎత్తు 38 మీటర్లు. 2009లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. నడిచేవారి దారి ఉన్న పక్క కటకటాలు ఉన్నాయి. రెండో పక్క ఇనుప తొట్టి అంచు తప్ప ఏమీ లేదు, పడవలో నిలబడితే కింద లోయ కనిపిస్తుంది. ఎత్తు అంటే భయపడేవారు మీలో ఉంటే ఆ కొద్ది నిమిషాలు లోపల కూర్చొని టీ కాచే పని తీసుకోమనండి. ట్రెవర్ నుంచి ముందు లాంగోలెన్ పట్టణానికి వెళ్లి, తిరిగి వచ్చి, వంతెన దాటి, చర్క్ సొరంగం మీదుగా ఎల్స్‌మియర్ దాకా వెళ్లి రావడం వారానికి హాయిగా సరిపోతుంది. ఈ మొత్తం దారిలో న్యూ మార్టన్ దగ్గర రెండు లాకులే ఉన్నాయి. వెళ్లేటప్పుడు దిగుతారు, వచ్చేటప్పుడు ఎక్కుతారు. లాకు పని నేర్చుకోవడానికి అది చాలు, నడుములు విరగడానికి చాలదు. పడవ పొడవు కాలువ వెడల్పు కంటే ఎక్కువ కాబట్టి ఎక్కడ పడితే అక్కడ వెనక్కు తిప్పలేరు. తిప్పడానికి వెడల్పు చేసిన చోట్లను పటంలో ముందే గుర్తు పెట్టుకోండి.

పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ కాలంలో నడిమి ఇంగ్లండ్ లాకులను సుమారు 7 అడుగుల వెడల్పుతో కట్టడం వల్ల నేటికీ పడవలు ఆ కొలతలోనే ఉన్నాయి. పొడవు 70 అడుగుల దాకా పోవచ్చు. రైలు పెట్టె కంటే సన్నని ఇంట్లో ఆరుగురు వారం పాటు ఉండబోతున్నారని ఊహించుకోండి. ఆరుగురి పడవ అని రాసి ఉంటే అందులో రెండు పడకలు తరచు భోజనబల్లను మడిచి వేసేవే అయి ఉంటాయి. అంటే రాత్రి చివర నిద్రపోయేవారు, పొద్దున ముందు లేచేవారు ఎప్పుడూ ఆ ఇద్దరే అవుతారు. అందుకే ఎనిమిది పడకల పడవ, రెండు మరుగుదొడ్లు ఉన్నది తీసుకోండి. అద్దె ఎక్కువైనా ఈ వయసులో ఆ ఖర్చు సార్థకం. గట్టి సూట్‌కేసులను పెట్టే చోటు పడవలో ఉండదు. ఖాళీ చేసి మడిచి మంచం కింద దూర్చగలిగే బట్ట సంచులే తీసుకెళ్లండి.

వంట గ్యాసు పొయ్యి మీద ఉంటుంది. పడవలో విద్యుత్తు బ్యాటరీల నుంచి వస్తుంది గనుక ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు, మిక్సీ తీసుకెళ్లడం వృథా. చిన్న ప్రెషర్ కుక్కరు ఒకటి చాలు. బియ్యం, పప్పు అక్కడి దుకాణాల్లో దొరుకుతాయి. కందిపొడి, చింతపండు, ఇంగువ, ఆవకాయ మీరు పట్టుకెళ్లండి, శాకాహారులకు అవి ఆదుకుంటాయి. ఇండియా నుంచి మాంసాన్ని, పాలతో చేసిన పదార్థాలను ప్రయాణికులు బ్రిటన్‌లోకి తీసుకువెళ్లకూడదు. కాబట్టి ఇంట్లో కాచిన నెయ్యి, పాలకోవా ఎంత మనసుకు నచ్చినవైనా ఇక్కడే వదిలిపెట్టాలి. నీటి తొట్టిని రోజూ గాని, రోజు విడిచి రోజు గాని నింపుకోవాలి, స్నానాలకు ఆ లెక్క తెలిసి ఉండాలి. మధుమేహం ఉన్న మిత్రుడు మందులను, ఇంగ్లీషులో రాసిన డాక్టరు చీటీని చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఇన్సులిన్ వాడుతుంటే పడవలోని ఫ్రిజ్ చిన్నదని గుర్తుంచుకొని అందులో ఒక మూల ఆయనకు కేటాయించండి.

వీసా ఎవరికి వారే తీసుకోవాలి. బ్రిటన్ సందర్శక వీసాకు ప్రయాణ తేదీకి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేశాక వేలిముద్రలకు కేంద్రానికి వెళ్లాలి, హైదరాబాదులో ఆ కేంద్రం ఉంది. ఎవరి పాస్‌పోర్టు గడువైనా దగ్గరపడితే విశాఖపట్నం ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలో ముందు ఆ పని ముగించుకోండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. బ్రిటన్‌లో బడి సెలవులైన జూలై, ఆగస్టు నెలలకు పడవలు చాలా ముందుగా అయిపోతాయి, వీసా మాత్రం అంత ముందుగా రాదు. కాబట్టి మే నెలాఖరు గాని, జూన్ గాని, సెప్టెంబరు గాని ఎంచుకోండి. జూన్‌లో రాత్రి 9 దాటేదాకా వెలుతురు ఉంటుంది. అడ్వాన్సు కట్టేముందు, వీసా రాకపోతే ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ఆరుగురిలో ఒకరికి వీసా నిరాకరిస్తే మిగతా ఐదుగురు వెళ్లాలా మానాలా అన్నది కూడా ఈ రోజే మాట్లాడుకోవాలి. ఆ మాట ఆ రోజు వచ్చినప్పుడు మాట్లాడితే మనసులు నొచ్చుకుంటాయి.

డబ్బు విషయంలో ఒక ఉమ్మడి సంచి పెట్టుకోండి. పడవ అద్దె, డీజిలు, తిండి, రైలు ఖర్చు దాని నుంచే పోవాలి. శాకాహారి మాంసం ఖర్చులో, తాగని వ్యక్తి మద్యం ఖర్చులో వాటా ఇవ్వకూడదు, అవి ఎవరివి వారివే. పడవ నడిపేటప్పుడు మద్యం ఎవరూ ముట్టకూడదు. చుక్కాని, లాకులు, వంట, గిన్నెలు అన్న నాలుగు పనులను రోజువారీగా మార్చుకోండి. చుక్కాని మోజు పడిన ఒక్కరే వారమంతా దానిని పట్టుకొని, గిన్నెలు కడగడం ఎప్పుడూ మరొకరి వంతు కావడం వల్ల చెడిన స్నేహాలను నేను చూశాను. వీలైతే విమానం టికెట్లు కొనకముందే, కళింగపట్నం సముద్రతీరాన ఒక ఇల్లు తీసుకొని, పనిమనిషి లేకుండా, మీరే వండుకొని మూడు రోజులు కలిసి ఉండి చూడండి. ఎవరి గురక ఎవరు భరించగలరో, ఎవరు పొద్దున్నే లేచి రేడియో పెడతారో అక్కడే తెలిసిపోతుంది.

ప్రశ్న: మేము నలుగురం స్నేహితురాళ్లం. అందరమూ ఉపాధ్యాయినులం, వయసు 40 దాటింది. ఇంగ్లండ్ వాన భయానికి ఫ్రాన్స్‌లోని కెనాల్ దు మిది చూడాలనుకుంటున్నాము. అక్కడ లాకులు మేమే తిప్పాలా? తోడుగా మగవారు లేకుండా పడవ నడపగలమా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నడపగలరమ్మా, అందులో సందేహం పెట్టుకోవద్దు. ఆ కాలువలో లాకులను చాలావరకు అక్కడి సిబ్బంది గాని, యంత్రాలు గాని తిప్పుతాయి. మీ వంతు పని తాళ్లు పట్టుకోవడం, పడవను గోడకు ఆనించి నిలపడం. పైకెక్కేటప్పుడు నీరు జోరుగా లోపలికి వస్తుంది గనుక ముందొకరు, వెనకొకరు తాడును కొక్కేనికి ఒక చుట్టు తిప్పి చేత్తో పట్టుకొని, నీరు పెరిగేకొద్దీ లాగుతూ ఉండాలి. చేతులకు తొడుగులు వేసుకుంటే తాడు ఒరిపిడి తగలదు. పడవలు ఇంగ్లండ్ పడవల కంటే బాగా వెడల్పుగా ఉంటాయి కాబట్టి నలుగురికి చోటు చాలినంత ఉంటుంది. లైసెన్సు లేనివారికి అద్దెకిచ్చే సంస్థే పాఠం చెప్పి తాత్కాలిక అనుమతి పత్రం ఇస్తుంది. గరిష్ఠ వేగం గంటకు 8 కిలోమీటర్లు.

తులూజ్ నుంచి మధ్యధరా తీరంలోని తో సరస్సు దాకా 240 కిలోమీటర్లు సాగే ఆ కాలువను పియర్ పాల్ రికే అనే ఉప్పు పన్నుల అధికారి 1666లో తలపెట్టాడు. సొంత ఆస్తిని కూడా అందులో పోసి, 1681లో అది పూర్తి కావడానికి కొన్ని నెలల ముందే, 1680లో కన్నుమూశాడు. ఉపాధ్యాయినులైన మీరు పిల్లలకు చెప్పదగిన కథ అది. మొత్తం కాలువను ఒకే వారంలో చూడాలనుకోకండి. కార్కసోన్ కోట నుంచి బెజియే దగ్గరి ఫోన్సెరాన్ మెట్ల లాకుల వైపు సాగే భాగం చాలు. దారిలో మాల్‌పా సొరంగం కూడా వస్తుంది. ఫోన్సెరాన్‌లో ఎక్కే పడవలకు, దిగే పడవలకు వేర్వేరు వేళలు ఉంటాయి, వాటిని ముందురోజే కనుక్కోండి. మధ్యాహ్న భోజన సమయంలో లాకులు మూసి ఉంటాయి గనుక మీ భోజనాన్నీ అప్పుడే పెట్టుకోవాలి. గట్టు వెంట నీడనిచ్చిన ప్లేన్ చెట్లను 2006 నుంచి ఒక శిలీంధ్ర వ్యాధి పట్టుకోవడంతో వేలకొద్దీ నరికివేయవలసి వచ్చింది. అందువల్ల పాత ఫొటోల్లోని పచ్చని పందిరి అన్నిచోట్లా ఉండదు. ఎండకు టోపీ, గొడుగు తీసుకువెళ్లండి.

బ్రిటన్ వీసాతో ఫ్రాన్స్ వెళ్లలేరు. ఫ్రాన్స్‌తో పాటు పలు ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసా వేరు. దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఈ ఆరు నెలల వెసులుబాటు వల్ల, పడవ ఖరారు చేసుకోవడంలో శ్రీకాకుళం మిత్రుల కంటే మీ పని కొంత సులువు. బడి సెలవులను బట్టి మీకు మే నెల అనుకూలం. వానలూ ఎండలూ మితంగా ఉండే కాలం అది.

ప్రశ్న: మా అమ్మగారికి 78 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. లండన్‌లో ఉన్న మా అక్క దగ్గరకు వెళ్లినప్పుడు ఆమెను కాలువ పడవలో వారం రోజులు తిప్పాలని ఉంది. సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: పడవలోకి దిగే మెట్లు నిటారుగా ఉంటాయి, లోపలి నడవ సన్నగా ఉంటుంది, రాత్రి మరుగుదొడ్డికి చీకట్లో తడుముకుంటూ వెళ్లాలి. ఆమెను ఆ కష్టం పెట్టవద్దు. లాంగోలెన్ రేవులో గుర్రం లాగే పడవలు ఇప్పటికీ నడుస్తున్నాయి. గుర్రం గట్టున నడుస్తూ తాడుతో పడవను లాగుతుంది, ఇంజను చప్పుడు ఉండదు. అమ్మగారిని ఆ పడవలో ఎక్కించి, రాత్రికి లాంగోలెన్‌లోనే కింది అంతస్తు గది ఉన్న బస చూసుకోండి. మర్నాడు పొంట్కసుల్టె వంతెన మీదుగా వెళ్లే విహార పడవలోనూ కూర్చోబెట్టవచ్చు. ఎక్కే చోట మెట్లు ఎన్ని ఉన్నాయో, చేయి పట్టుకొని ఎక్కించే మనిషి ఉంటారో లేదో మీ అక్కగారి చేత ముందే ఫోను చేయించి తెలుసుకోండి.